ఖాళీ అని రాసిన ఇసుక

2015 సెప్టెంబరులో నన్ను శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న మునిసిపాలిటీకి టౌన్ ప్లానింగ్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళు ఎవరో ఒకరు "మీరు రోడ్డన్న చోట కల్వర్టు ఉందమ్మా" అని సరిదిద్దుతారు. మాది విజయనగరం కనుక ఆ గాలీ ఆ యాసా నాకు కొత్త కావు. ట్రేసరుగా, అంటే పటాల మీద పలచటి కాగితం పరిచి గీతలు దిద్దే పనితో చేరి, మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చినదాన్ని. రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉంది. గొడవలు లేని పోస్టింగు దొరికిందనుకున్నాను.

మా శాఖ అంతస్తుల గురించి ఒక మాట చెప్పాలి. మునిసిపాలిటీలో టౌన్ ప్లానింగ్ విభాగం ఒక చిన్న సంసారం. కింద బిల్డింగ్ ఓవర్సీరు, ఆయన మీద సూపర్‌వైజరు, ఆ పైన టౌన్ ప్లానింగ్ ఆఫీసరు. జీతం, సెలవులు, చీవాట్లు కమిషనర్ గారి చేతిలో ఉంటాయి. సాంకేతిక విషయాల్లో మాత్రం మాకు పెద్ద దిక్కు, ప్రాంతీయ కార్యాలయంలో కూర్చునే రీజినల్ డిప్యూటీ డైరెక్టరు. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, ఆర్‌డీ గారు అంటాం. ఇద్దరు అత్తల కోడలు ఎలా నెగ్గుకొస్తుందో తెలిసినవాళ్ళకి మా ఉద్యోగం వేరే వివరించనక్కర్లేదు.

నేను చేరేసరికి ఊరికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా సిద్ధంగా ఉంది. రాబోయే ఇరవై ఏళ్ళలో ఊరు ఎటు పెరగాలో, ఏ నేల ఏ పనికి వాడాలో రంగులు వేసి చూపించే పటం అది. పసుపు వేస్తే ఇళ్ళు. నీలం అంగళ్ళకి, ఊదా పరిశ్రమలకి, ఎరుపు బడులూ ఆసుపత్రులూ ఆఫీసుల్లాంటి వాటికి, ఆకుపచ్చ పార్కులకి. దీనికి ముందు ఇంకో పటం ఉంటుంది. ఇప్పుడు ఏ నేల మీద ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు చూపేది. దాన్ని మేము ఈఎల్‌యూ అంటాం, ప్రస్తుత భూవినియోగ పటం. వైద్యుడు ముందు నాడి చూసి తర్వాత మందు రాసినట్టే, ముందు ఈఎల్‌యూ, తర్వాత ప్లాన్. నాడి తప్పుగా చూస్తే మందు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మా శాఖ మాటలు వింటే బయటివాళ్ళకి నవ్వొస్తుంది. ఇంటికీ ప్రహరీకీ మధ్య వదలాల్సిన జాగాని మేము సెట్‌బ్యాక్ అంటాం. ఊళ్ళోవాళ్ళు దాన్ని మోటారుసైకిల్ పెట్టుకునే చోటు అంటారు. ఇళ్ళ మధ్య ఎప్పటినుంచో నడుస్తున్న పిండిమర మా భాషలో నాన్ కన్ఫర్మింగ్ యూజ్, అంటే రంగుకి తగని వాడకం. ఆ మాట చెప్పినందుకు ఒక పిండిమర యజమాని నేను పోలీసు కేసు పెడుతున్నాననుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అప్పటినుంచి జనం ముందు మా మాటలు వీలైనంత వరకు మింగేయడం నేర్చుకున్నాను.

అక్టోబరులో ముసాయిదాని ప్రకటించి, ఆఫీసు వరండాలో గోడకి పెద్ద పటం అతికించాం. చట్టం ప్రకారం దాని మీద ప్రజలు అభ్యంతరాలు, సూచనలు రాతపూర్వకంగా ఇవ్వడానికి గడువు ఉంటుంది. గడువు దాటితే పటం పైకి వెళ్ళిపోతుంది, ఇంక మార్చాలంటే తాతలు దిగిరావాలి. వరండా తిరనాళ్ళలా ఉండేది. ప్రతివాడూ తన స్థలం మీద వేలు పెట్టి అది ఏ రంగో చూసుకోవడం, పసుపైతే మొహం వెలగడం, రోడ్డు కింద పోతే నా గదిలోకి దూసుకురావడం. ఆ సందడిలో నాకొకటి తట్టింది. ఊరికి తూర్పు చివర, సముద్రం పక్కన ఉన్న చేపలవాళ్ళ పేట నుంచి ఒక్కరు కూడా రాలేదు.

పటం దగ్గరికి నేనే వెళ్ళి చూశాను. పేట ఇళ్ళకి పసుపు వేశారు, సంతోషం. ఇళ్ళకీ నీళ్ళకీ మధ్య ఒడ్డు పొడుగునా చక్కటి ఆకుపచ్చ పట్టీ. దాని మీద 'బీచ్ పార్కు' అని రాసి ఉంది. ప్రహరీ, గేటు, నడకదారి, బెంచీలు అన్నీ నివేదికలో ఉన్నాయి. మరి ఇప్పుడు అక్కడ ఏముందని ఈఎల్‌యూ తీస్తే, అదే పట్టీ మీద 'ఖాళీ' అని ఉంది. సర్వే చేసింది ప్రభుత్వం టెండరు ద్వారా పెట్టుకున్న ఒక కన్సల్టెన్సీ. వాళ్ళ కుర్రాళ్ళు అంతకు ముందు ఏడాది వచ్చి, కొలిచి, ఫోటోలు తీసుకుని వెళ్ళారు.

నాకు నమ్మకం కుదరలేదు. చిన్నప్పుడు విజయనగరం సంతలో మా అమ్మ ఎండు నెత్తళ్ళు కొనేటప్పుడు బేరం ఆడుతూ, ఇసక ఎక్కువ, చేప తక్కువ అని దెబ్బలాడేది. ఆ ఇసుక ఎక్కడిది? ఇలాంటి ఒడ్డుదే కదా. చేపలు పట్టే పేటలో ఖాళీ ఒడ్డు ఉందంటే, వంటిల్లు లేని ఇల్లు ఉందన్నట్టే. మా సూపర్‌వైజరు అప్పలనాయుడిని పిలిచాను. ఆయన ఆ చుట్టుపక్కల రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు, నోరు కొంచెం దురుసు, మనసు మంచిది. పటం చూసి ఆయన, "సేపలోళ్ళు పార్కులో బెంచీ మీద కూకుని సముద్రం సూస్తారేటి మేడం? ఆళ్ళకి సూడ్డానికి ఇంకేటీ లేదా?" అన్నాడు.

నవంబరులో ఒక ఉదయం ఇద్దరం వెళ్ళాం. జీపు దిగగానే వాసనే చెప్పేసింది. ఒడ్డంతా వెండి పరిచినట్టు నెత్తళ్ళు. ఆడవాళ్ళు నడుం వంచి చేతుల్తో వాటిని తిరగేస్తున్నారు, కాకుల్ని అదిలిస్తున్నారు. పేటలో మగవాళ్ళు చాలామంది ఏటా గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళిపోతారు, వేసవికి గానీ తిరిగి రారు. అంతవరకు ఇల్లు నడిచేది ఈ ఎండుచేపల మీద. ఉన్న కొద్ది పడవలు తెచ్చిన చేపని ఆడవాళ్ళు కొని, ఎండబెట్టి, బుట్టల్లో సంతలకి పట్టుకెళ్తారు. పొందూరు దాకా వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు.

అక్కడ నాతో మొదట మాట్లాడినామె పేరు దానమ్మ. నలభై అయిదు దాటి ఉంటాయి. చీర కుచ్చెళ్ళు దోపుకుని, నా చెప్పులకేసి గుర్రుగా చూస్తూ, చేపల పక్కనుంచి నడవమంది. పార్కు సంగతి చెప్పాను. ఆమె నెత్తళ్ళు తిరగేస్తూనే, "మీ పార్కులోకి మా సేపల్ని రానిస్తారేటి మేడం గోరూ?" అంది. రానివ్వరన్నాను. "మరి ఆటిని నాను ఎక్కడ ఎండెయ్యాల? నెత్తి మీదా?" ఆ ఇసుక పోతే దానమ్మకి రేపటినుంచి పని లేదు. అంత సూటి విషయం అది.

పేట పెద్ద ఎర్రయ్య వచ్చాడు. ముసలివాడు, సముద్రం మానేసి చాలా ఏళ్ళయింది, కానీ ఆయన మాట లేకుండా పేటలో ఏ పనీ జరగదు. సర్వే కుర్రాళ్ళు వచ్చినప్పుడు మీరు ఖాళీ అని ఎందుకు చెప్పారని అడిగాను. ఖాళీ అని మేం చెప్పలేదని ఆయన కస్సుమన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

ఆ కుర్రాళ్ళు వచ్చింది అమ్మవారి సంబరం రోజుల్లో. ఆ పేటలో సంబరానికి ఒక కట్టడి ఉంది. సంబరం ముగిసేదాకా ఒడ్డు అమ్మవారిది. ముందు రోజే చేపలూ, వలలూ, బుట్టలూ అన్నీ ఎత్తేసి, ఇసుక చిమ్మి, పసుపు నీళ్ళు చల్లుతారు. పడవలు పక్కకి లాగేస్తారు. ఆ రోజుల్లో ఎవరూ ఒడ్డు మీద పని చేయరు. అంతకంటే ముఖ్యం, నా పడవ, నా వల, నా చోటు అనే మాట నోటంట రానివ్వరు. ఎవరు ఏది ఎవరిదని అడిగినా ఒకటే జవాబు, అమ్మోరిది. పాపం ఆ కుర్రాళ్ళు సరిగ్గా ఆ రోజుల్లోనే ట్యాబులు పట్టుకుని దిగారు.

"ఈ జాగా ఎవుళ్ళదని అడిగినారు. అమ్మోరిదని సెప్పినాం. ఇక్కడ ఏటి సేస్తారని అడిగినారు. ఇప్పుడు ఏటీ సెయ్యమని సెప్పినాం. అబద్ధం ఒక్కటీ ఆడనేదు తల్లీ," అన్నాడు ఎర్రయ్య.

కుర్రాళ్ళు కూడా అబద్ధం రాయలేదు. ఊడ్చిన ఇసుక చూశారు, ఫోటో తీశారు, హక్కుదారులు లేరు, వాడకం లేదు, ఖాళీ అని రాసుకున్నారు. రెండు నిజాలు కలిసి ఒక అబద్ధాన్ని కన్నాయి. అప్పలనాయుడు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, గడువు సగానికి పైగా అయిపోయింది.

ఇందులో కష్టం ఏముంది, ఒక అభ్యంతరం రాసివ్వండి అన్నాను. అక్కడ బండి ఆగిపోయింది. మేము అచ్చువేయించిన అభ్యంతరాల కాగితంలో పేరు తర్వాత అడిగేది స్థలం యజమాని ఎవరని. అది చదివి వినిపించగానే ఎర్రయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. సంబరంలో అమ్మోరిదని చెప్పి, ఇప్పుడు మాదని కాగితం మీద రాస్తే అమ్మోరు ఏమనుకుంటుందని ఆయన ప్రశ్న. "గంగ మీదికెల్లే పిల్లలున్నోళ్ళం. ఆ మాట మా నోట రాదు," అన్నాడు. వాళ్ళు సముద్రాన్ని గంగ అంటారు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు. దానమ్మ కూడా తల దించుకుని నెత్తళ్ళు తిరగేసుకుంటూ కూర్చుంది.

నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండింది. ఇసుక పోతుందని చెబుతుంటే వినరేమిటని గట్టిగానే అన్నాను. జీపు దాకా వచ్చి, ఎక్కబోతూ ఆగాను. ఆలోచిస్తే వాళ్ళు అడ్డం చెబుతున్నది మా కాగితంలో ఉన్న తప్పు ప్రశ్నకి. భూవినియోగం అంటే నేల మీద జరిగే పని. అది ఎవరి నేల అన్నది మా శాఖ తేల్చేదే కాదు, అది రెవెన్యూ వాళ్ళ తలనొప్పి. కలెక్టరు ఆఫీసు స్థలానికైనా, అడంగల్లో ఎవరి పేరున్నా, మా పటంలో రంగు పడేది అక్కడ జరిగే పనిని బట్టే. ఇన్నేళ్ళ సర్వీసులో ఎంతమందికో చెప్పిన పాఠం, అచ్చు కాగితం ముందుపెట్టుకుని నేనే పక్కన పెట్టాను.

వెనక్కి వెళ్ళి ఎర్రయ్యకి అదే చెప్పాను. ఎవరిదని మాకు అక్కర్లేదు. ఆ గడి వదిలేయండి, తెల్లకాగితం మీద రాసినా తీసుకుంటాం. ఇక్కడ ఏం చేస్తున్నారో అది మాత్రం రాయండి. ముసలాయన గుడి దగ్గర పదిమందినీ అడిగి చెబుతానన్నాడు. రెండు రోజుల తర్వాత అప్పలనాయుడు కబురు తెచ్చాడు. అమ్మోరి ఇసక మీద మేము చేపలు ఎండేసుకుంటున్నాం అని రాయొచ్చట. అందులో అబద్ధం లేదు, నాది అనే మాటా లేదు. మా సిబ్బంది రాసిస్తే పక్షపాతం అంటారని పేట బడి పంతులు గారి చేత రాయించారు. కింద సంతకాలు కొన్ని, వేలిముద్రలు చాలా. గడువు లోపల కాగితం నా బల్ల మీదికి వచ్చేసరికి సగం బరువు దిగినట్టయింది.

మిగతా సగం ఆర్‌డీ గారు. అభ్యంతరాల మీద విచారణ జరిపే కమిటీలో ఆయన మాటే చివరి మాట. మనిషి నిక్కచ్చి, చేతులు శుభ్రం, జోకులకి నవ్వడు. కన్సల్టెన్సీ వాళ్ళ ఫోటో తెర మీద వేయించి చూపించారు. ఊడ్చి కడిగిన ఇసుక, ఒక్క చేప పొలుసు కూడా లేదు. ఇంత శుభ్రంగా ఉన్నదాన్ని ఖాళీ కాదని ఎలా నమ్మమంటారని అడిగారు. సంబరం సంగతి చెప్పాను. విన్నారు గానీ మొహంలో మార్పు లేదు. ఇంకో చిక్కు కూడా ఆయనే లేవదీశారు. ఊరి జనాభాకి తగినంత పార్కు జాగా చూపించి తీరాలి, దాన్ని మేము నార్మ్ అంటాం. ఈ ఆకుపచ్చ తీసేస్తే ఆ నార్మ్ ఎక్కడినుంచి తెస్తారన్నారు.

దానికి నేను సిద్ధంగా ఉన్నాను. పేట వెనకాల, సరుగుడు తోటకి ఆనుకుని ప్రభుత్వపు పర్ర భూమి ఉంది. వానాకాలం ఉప్పునీళ్ళు నిలుస్తాయి. కన్సల్టెన్సీ వాళ్ళు దానికి పసుపు రంగు వేసి ఇళ్ళ స్థలాలు అన్నారు. అక్కడ ఇల్లు కడితే మంచం కింద పీతలు తిరుగుతాయి. ఆటస్థలానికైతే చక్కగా పనికొస్తుంది. పార్కుని అక్కడికి జరిపితే నార్మ్ చెక్కుచెదరదు. ఆర్‌డీ గారు పటం మీద పెన్సిలుతో కొలుచుకుని తల ఊపారు. కానీ ఎండుచేపల మాట మాత్రం తాను స్వయంగా చూసి గానీ నమ్మనన్నారు. ఎప్పుడు వచ్చేదీ చెప్పనని కూడా అన్నారు. చెబితే మేమే బుట్టలతో చేపలు తెప్పించి పరిపిస్తామని ఆయన అనుమానం. మా శాఖలో ఉన్నవాణ్ణి ఆ అనుమానానికి తప్పు పట్టలేం.

డిసెంబరులో అల్పపీడనం పట్టింది. వరసగా ముసురు, గాలి. పడవలు కదల్లేదు. ముసురు వదలని ఒక పొద్దున్న నేను ఆఫీసుకి బయలుదేరుతుంటే ఆర్‌డీ గారి ఫోను. దారిలో ఉన్నాను, నేరుగా పేటకి వచ్చేయండి అన్నారు. ఈ వానకి ఒడ్డున చేపలెక్కడివి? మళ్ళీ ఖాళీ ఇసుకే. పేటకి కబురు పెట్టి, ఇళ్ళల్లో దాచుకున్న పాత ఎండుచేపలైనా తెచ్చి పరవమందామా అని ఒక్క క్షణం అనిపించింది. అలా చేస్తే ఆయన అనుమానం నిజం చేసినట్టే. ఫోను సంచిలో పడేసి జీపెక్కాను. దారిలో అప్పలనాయుడు ఊరుకోలేదు. "సర్వే కుర్రోళ్ళకి ముహూర్తం ఎట్టినోడే ఈయన గోరికీ ఎట్టుంటాడు మేడం," అన్నాడు. నోరు మూసుకోమన్నాను.

మేము వెళ్ళేసరికి ఆర్‌డీ గారి తెల్ల కారు ఇసుక మీద దాకా వచ్చి ఆగి ఉంది. వాన వెలిసింది. మబ్బు చెదిరి నీరెండ కాస్తోంది. ఒడ్డు నేను భయపడినట్టే ఉంది, వాన కడిగిన నున్నటి ఇసుక. ఆయన బూట్లు విప్పి చేత పట్టుకుని అటూ ఇటూ నడిచి వచ్చారు. "ఫోటోలో ఉన్నట్టే ఉంది కదమ్మా," అన్నారు నెమ్మదిగా. అందులో ఎత్తిపొడుపు లేదు, అందుకే ఇంకా బాధ వేసింది. వాన గురించి చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాట సాకులా వినిపిస్తుందని నాకే తెలుసు.

అప్పుడు వెనకనుంచి దబదబమని చప్పుడు. దానమ్మ ఎడమచేత్తో తల మీద బుట్ట పట్టుకుని, కుడిచేత్తో కారు బానెట్ మీద బాదుతోంది. బుట్టలోంచి నీళ్ళు కారుతున్నాయి. గాలి తగ్గిందని తెల్లవారుజామున రెండు మూడు పడవలు వెళ్ళి, అప్పుడే ఒడ్డుకి చేరాయి. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

"ఎవుళ్ళ బండిది? తియ్యండి, తియ్యండి! ఎండ మల్లీ ఎప్పుడు పోతాదో తెలవదు!" అని అరుస్తోంది.

డ్రైవరు కంగారుగా ఆర్‌డీ గారి వంక చూశాడు. ఆయన దానమ్మ దగ్గరికి నడిచి, చాలా మర్యాదగా, ఈ స్థలం ఎవరిదమ్మా అని అడిగారు. మళ్ళీ అదే ప్రశ్న.

"అమ్మోరిది," అంది దానమ్మ, ఠక్కున.

"మరి నన్ను తియ్యమంటావేం?"

"ఓలమ్మో, ఏటి బాబూ ఈ ఇసిత్రం! జాగా అమ్మోరిదే. నెత్తళ్ళు నాయి కాదేటి? ఈ సోటున నాను కాకపోతే ఎవుళ్ళు ఎండేస్తారు? ఆ పక్క ఎర్రమ్మది, ఈ పక్క మా తోటికోడలిది. నువ్వు బండి ఎట్టీసినావు, నానేటి బండి మీద ఎండెయ్యాలా?"

ఆయన ఏదో అనబోయేలోగా మిగతా ఆడవాళ్ళు బుట్టలతో వచ్చేశారు. ఎవరూ ఎవర్నీ అడగలేదు, ఒక్క రాయి గానీ గీత గానీ లేదు. ప్రతి మనిషీ నేరుగా తన చోటికి నడిచి బుట్ట వంచింది. ఒకరి చేపల అంచు దగ్గర ఇంకొకరి చేపలు మొదలవుతున్నాయి, మధ్యలో నడవడానికి మాత్రం సన్నటి దారులు మిగులుతున్నాయి. నేను సర్వీసులో వందల లేఅవుట్లు తనిఖీ చేశాను. లేఅవుట్ అంటే భూమిని ప్లాట్లుగా విడగొట్టి రోడ్లు చూపించే నక్షా. అంత తేలిగ్గా, ఒక్క తగాదా లేకుండా అమలైన లేఅవుట్ మాత్రం అదే. చూస్తుండగానే ఆర్‌డీ గారి చుట్టూ చేపలు పరుచుకున్నాయి. బూట్లు చేతబట్టుకుని, అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక ఆయన ఒంటికాలి మీద నిలబడ్డారు.

ఎప్పుడూ నవ్వని మనిషి నవ్వారు. ముందు మీసాల్లో, తర్వాత పైకే. నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఉపశమనంతో. అప్పలనాయుడు మాత్రం ఆకాశం వైపు తిరిగి అమ్మవారికి ఒక దండం పెట్టుకున్నాడు.

కారు తియ్యబోతే చక్రాలు తడి ఇసుకలో కూరుకుపోయాయి. ఎర్రయ్య నలుగురిని పిలిచాడు. వాళ్ళు పడవకి భుజం ఆనించినట్టే కారుకి భుజాలు ఆనించి, ఒక్క ఊపున గట్టి నేల మీదికి తోసేశారు. దానమ్మ చక్రాలు దిగబడిన గుంతలు కాలితో పూడ్చుకుని, చదును చేసుకుని, బుట్ట వంచింది. ఆర్‌డీ గారు అక్కడే కారు పక్కన నిలబడి తనిఖీ నివేదికకి తొలి వాక్యం నాకు చెప్పి రాయించారు. ప్రస్తుత వాడకం రుజువైంది, అభ్యంతరం ఆమోదించదగినది.

ఆ తర్వాతి తలనొప్పి వేరు. ఎండుచేపల ఇసుకకి మా రంగుల్లో రంగు లేదు. నీలం వేస్తే రేపు అంగళ్ళు కడతామంటారు. ఊదా వేస్తే చేపల ఫ్యాక్టరీ పెడతామంటారు. తీర ప్రాంత నిబంధనల్లో చేపలు ఎండబెట్టుకోవడానికి చోటు ఉంది, మా జోనింగ్ నిబంధనల్లోనే, అంటే ఏ రంగులో ఏ పని చేయొచ్చో చెప్పే పుస్తకంలో, ఆ మాట లేదు. చివరికి ఆర్‌డీ గారే దారి చూపారు. వ్యవసాయానికి వాడే లేత ఆకుపచ్చ వేసి, దాని మీద ఏటవాలు గీతలు గీయించి, పటం అంచున ఆ గీతలకి ఎదురుగా 'చేపలు ఎండబెట్టు స్థలం, ఇతర నిర్మాణాలు నిషిద్ధం' అని రాయించారు. పార్కు పర్ర భూమికి జరిగింది. ప్రతిపాదన పైకి వెళ్ళింది.

పై ఆఫీసుల్లో కాగితం ఎన్ని చేతులు మారుతుందో, ఎక్కడ ఎవరు గీత చెరుపుతారో చెప్పలేం. మంజూరైన పటం మా ఆఫీసుకి తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. ఆ రోజు చుట్ట విప్పి, ఊరంతా వదిలేసి, తూర్పు అంచు వెతుక్కున్నాను. ఏటవాలు గీతలు ఉన్నాయి. కుర్చీలో వెనక్కి వాలి, చాలా రోజుల తర్వాత కడుపునిండా ఊపిరి పీల్చుకున్నాను. సాయంత్రం అప్పలనాయుడితో పేటకి వెళ్ళి దానమ్మకి చెప్పాను. ఆమెకి నా గీతలు ఏమంత గొప్పగా అనిపించలేదు. "మంచిదే తల్లీ. ఆ బండాయనకి కూడా సెప్పండి, ఇంకోపాలి వస్తే అక్కడ ఎట్టొద్దని," అంది. వద్దన్నా వినకుండా ఒక కాగితంలో ఎండు నెత్తళ్ళు కట్టిచ్చింది. ఇసుక బాగానే ఉంది అందులో. మా అమ్మ ఉంటే దెబ్బలాడేది.

2019లో రిటైరయ్యాను. దానికి ముందు ఇంకో రెండు ఊళ్ళలో భూవినియోగ సర్వేలు నా చేతుల మీదుగా జరిగాయి. సర్వేకి వెళ్ళేవాళ్ళకి నేను రెండే సూచనలు ఇచ్చాను. ఖాళీ అని రాసే ముందు ఆ చోటికి ఇంకో కాలంలో, మామూలు పనిరోజున మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళినప్పుడు ఈ నేల ఎవరిదని అడగొద్దు, జీపు ఇక్కడ పెట్టుకోవచ్చా అని అడగండి. ఎవరైనా వద్దంటే ఆ నేల ఖాళీ కాదు.